ఐఎన్‌ఎస్ ఇబ్రహీంపట్నం: ఒక మనవి

మా ఊరికి ఒక విమాన వాహక నౌక కావాలి. ఫెర్రీ రేవులో, పవిత్ర సంగమం మెట్లకు ఎదురుగా, కొండపల్లి ఖిల్లా మీద నిలబడితే కనిపించేటట్టు ఉండాలి. ఇబ్రహీంపట్నానికి థర్మల్ కేంద్రం ఉంది, దాని పొగ గొట్టాలున్నాయి, కావలసినంత బూడిద ఉంది, రింగ్ సెంటర్లో లారీల వరస ఉంది. లేనిదల్లా యుద్ధనౌకే. నవ్వకండి. 2024 నవంబరు 9న బెజవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది, స్వయంగా ముఖ్యమంత్రే ఎక్కారు. కృష్ణలోకి విమానం వచ్చేసింది. విమానం వచ్చాక వాహకం అడిగితే అత్యాశ ఎలా అవుతుంది?

లోతు చాలదని అనేవాళ్లుంటారు. నిజమే. ప్రకాశం బ్యారేజీ దగ్గర మట్టం 12 అడుగులకు వస్తే నిండిందని సంబరపడతాం. కొచ్చిలో కట్టిన వాహక నౌక విక్రాంత్ తేలాలంటే 27 అడుగులకు పైగా నీళ్లుండాలి. కనుక మా ఓడ తేలదు, ఇసుక మీద కూర్చుంటుంది. కూర్చున్న ఓడను ముంచడం ఏ జలాంతర్గామి తరం? శత్రువుతో మాకు భయం లేదు. రాత్రికి రాత్రి దాని కింద ఇసుక తోడుకుపోయే మనవాళ్లతోనే.

అయినా కట్టమని ఎవరడిగారు? మేం అడుగుతున్నది డిజైన్. ఒక త్రీడీ బొమ్మ, డ్రోన్ చుట్టూ తిరిగినట్టుండే ఒక వీడియో, వెనక ఓ వేణువు, చివర్లో జాతీయ జెండా. నమూనాకైతే దూరం పోనక్కర్లేదు, పక్కనే కొండపల్లి. తెల్ల పొణికి కర్రతో అంబారీ ఏనుగును చెక్కే చేతులకు ఓడ ఒక లెక్కా? ఈ మొత్తం ప్రాజెక్టులో చెప్పిన రోజుకు చేతికి అందేది ఆ బొమ్మ ఒక్కటేనని ముందే చెప్పేస్తున్నాం, తర్వాత అనుకోవద్దు.

లేని ఓడను చూపించడం ఆంధ్ర తీరానికి కొత్త కాదు. మన దగ్గర అత్యంత విజయవంతమైన విమాన వాహక నౌక, అక్కడ లేనిదే. 1971 చివర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన పాత విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ల వైపు దాచేశారు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఒక నాటకం వేయించారు. ముసలి డిస్ట్రాయర్ రాజ్‌పుత్ తానే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో మాట్లాడింది. విశాఖ బజారులో పెద్ద ఓడకు సరిపడా సరుకులకు ఆర్డర్లు వెళ్లాయి. బజారు నమ్మింది, గూఢచారులు నమ్మారు, ఘాజీ కూడా నమ్మింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక రేవు బయటే మునిగింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలు తగిలాయా, దాని మైన్లు దానికే పేలాయా అన్నది ఇప్పటికీ తెగని వాదన.

కృష్ణన్ గారు ఆ అబద్ధాన్ని శత్రువుకు చెప్పారు. తర్వాతివాళ్లు విద్య మాత్రం నేర్చుకుని, శత్రువు దొరక్క మనకు చెబుతున్నారు.

విమాన వాహక నౌక విరాట్ సంగతే చూడండి. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. విరాట్ కూడా వచ్చింది. రిటైరయ్యాక మాకు ఇచ్చేయండి, విశాఖ తీరంలో నిలబెట్టి మ్యూజియం, హోటలు నడుపుకుంటాం అని ఆంధ్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. పేపర్లు బొమ్మలేశాయి. డెక్ మీద పెళ్లిళ్లు చేసుకోవచ్చన్న ఊహతోనే కొందరు ముహూర్తాలు చూసుకుని ఉంటారు. తీరా లెక్కలు తీస్తే వందల కోట్లయ్యేలా ఉంది. మీరూ సగం పెట్టుకోండని రాష్ట్రం, ఓడ ఇస్తాం గానీ డబ్బివ్వమని కేంద్రం. 2017 మార్చి 6న విరాట్ విధులు ముగించింది. మరుసటి ఏడు నవంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం 852 కోట్లతో సింధుదుర్గ్ దగ్గర సముద్రంలో నిలబెడతామని తీర్మానించింది. చూశారా, ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 2020 సెప్టెంబరులో ఓడ గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకెక్కింది. తుక్కుగా పలికిన ధర 38.54 కోట్లు.

ఆ ఓడ పుట్టు పూర్వోత్తరాలు తెలిస్తే ఈ ధర ఇంకా బాగా గుచ్చుకుంటుంది. 1944లో ఇంగ్లండులోని బారో రేవులో దాని అడుగు దూలం వేసినప్పుడు పెట్టదలచిన పేరు ‘ఎలిఫెంట్’. యుద్ధం ముగిసింది, పని పడకేసింది, పేరు ‘హెర్మీస్’గా మారింది. 1953లో నీళ్లలోకి దించారు. కొలువులో చేరేసరికి 1959. ఆ పదిహేనేళ్లూ ఊరికే పోలేదు. గీతలు గీసినప్పుడు ఎగిరేవి ప్రొపెల్లర్ విమానాలు, దించేనాటికి జెట్లొచ్చాయి. జెట్ వేగంగా దిగుతుంది, ఆగకపోతే ముందు నిలబెట్టిన విమానాల్లోకి దూసుకుపోతుంది. కెప్టెన్ డెనిస్ క్యాంబెల్ 1951లో దీనికి మందు కనిపెట్టాడు: దిగే బాటను కాస్త పక్కకు వంచితే సరి, తప్పినవాడు మళ్లీ గాల్లోకి లేచిపోతాడు. హెర్మీస్ డెక్‌ను అలా వంచారు. ఆవిరితో విమానాన్ని విసిరే కాటపుల్ట్ పెట్టారు. దిగేవాడికి దారి చూపే అద్దం పెట్టారు. ఆ అద్దం ఊహ నికొలస్ గుడ్‌హార్ట్ అనే అధికారికి, ఓ సెక్రటరీ చేతి అద్దమూ లిప్‌స్టిక్కూ బల్ల మీద పెట్టి చూపించేంత తేలికగా వచ్చిందట. తర్వాత కాటపుల్టులు పీకేసి, 1980 దశకం మొదట్లో ముక్కు దగ్గర 12 డిగ్రీల వాలుతో స్కీ జంప్ కట్టారు. 1982లో ఫాక్‌లండ్స్ యుద్ధానికి నాయకనౌకగా వెళ్లింది. 1987లో మనకొచ్చింది, ముప్పై ఏళ్లు పనిచేసింది. డిజైన్ ఎలా మారుతుంది, ఎందుకు మారుతుంది అన్న పాఠం మొత్తం ఆ ఒక్క ఇనుప ఒంటి మీద రాసి ఉంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు మనవాళ్లు. ఈ ఏనుగును బతికుండగా ముప్పై ఏళ్లు వాడుకున్నాం, చచ్చాక కిలోల్లెక్కన అమ్ముకున్నాం.

ఇదే కథను చైనా తలకిందులుగా నడిపింది. సోవియట్ యూనియన్ కూలిపోయి ఉక్రెయిన్ రేవులో సగంలో ఆగిన వర్యాగ్‌ను, 1998లో మకావ్ కంపెనీ ఒకటి రెండు కోట్ల డాలర్లకు కొంది. నీళ్ల మీద జూదశాల పెడతామంది. ప్రపంచం నవ్వింది. 2012లో అదే ఓడ లియావోనింగ్ పేరుతో చైనా మొదటి విమాన వాహక నౌకగా జెండా ఎగరేసింది. వాళ్లు హోటలని చెప్పి యుద్ధనౌక చేసుకున్నారు. మనం యుద్ధనౌకను హోటలు చేస్తామని చెప్పి ఏదీ చేయలేదు.

కట్టని ఓడలు లోకంలో అందరికీ ఉన్నాయి. అమెరికా ‘యునైటెడ్ స్టేట్స్’ అనే మహానౌకకు 1949 ఏప్రిల్ 18న అడుగు దూలం వేసింది. అణుబాంబుల విమానాలను మోయాలని, అడ్డం లేకుండా డెక్‌ను బల్లపరుపుగా గీశారు. అయిదు రోజులకు, 23న, రక్షణ మంత్రి లూయీ జాన్సన్ రద్దు చేశాడు. నౌకాదళ మంత్రి జాన్ సలివన్ రాజీనామా విసిరికొట్టాడు. అడ్మిరళ్లు బహిరంగంగా తిరగబడ్డారు. 1966 ఫిబ్రవరిలో బ్రిటన్ సీవీఏ-01 అనే నౌకను కాగితం మీదే చంపేసింది. ద్వీపాల్లో స్థావరాలుంటే చాలు, విమానాలు అక్కడి నుంచే ఎగురుతాయని వైమానిక దళం వాదించిందని, లెక్క కుదరడానికి మ్యాపులో ఆస్ట్రేలియాను కొన్ని వందల మైళ్లు జరిపేసిందని ఓ కథ చెప్పుకుంటారు. ఆస్ట్రేలియా జరిగిందో లేదో గానీ, నౌకాదళ వ్యవహారాల మంత్రి క్రిస్టఫర్ మేహ్యూ కుర్చీ దిగాడు, నౌకాదళాధిపతి డేవిడ్ లూస్ కూడా దిగాడు. కట్టని ఒక్క ఓడకు రెండు పదవులు!

విరాట్ హోటలుకు ఎన్ని పదవులు పోయాయి? ఇక్కడే మన ప్రతిభ. మన దగ్గర ఏదీ రద్దు కాదు. రద్దు చేయాలంటే ముందు అది ఉన్నట్టు ఒప్పుకోవాలి, ఎవరో సంతకం పెట్టాలి, ఎందుకు వద్దో రాయాలి, రాస్తే ఎవరో అడుగుతారు. ఆ బెడద లేకుండా పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పెట్టేస్తాం. కింది బొమ్మ రద్దు కాలేదు, కనిపించడం మానేసింది, అంతే. స్వర్గంలోకి చేరలేని త్రిశంకుణ్ని భూమ్మీదకీ పడనివ్వక మధ్యలో నిలిపిన విశ్వామిత్రుడికి ఒక్కడే త్రిశంకుడు దొరికాడు. మన ప్రణాళికా కార్యాలయాలకు ప్రతి ఏడూ కొత్త త్రిశంకులు.

డిజైన్ అంటే చులకన చేస్తున్నానని అపార్థం చేసుకోవద్దు. కాగితం మీద గీతకు ప్రాణం ఖరీదు కట్టినవాళ్లున్నారు. 1917 ఆగస్టు 2న ఎడ్విన్ డన్నింగ్ అనే బ్రిటిష్ పైలట్ కదులుతున్న ఓడ మీద విమానం దింపాడు, లోకంలో మొదటివాడు. ఆ ఫ్యూరియస్ ఓడకు ముందు భాగంలో మాత్రమే డెక్ ఉంది. నడిమధ్యన ఇనుప కట్టడం, దాన్ని చుట్టుకుని పక్కనుంచి జారుతూ రావాలి. కింద ఉన్నవాళ్లు పరుగెత్తి విమానాన్ని చేతుల్తో పట్టి ఆపారు. 7న మళ్లీ ప్రయత్నించాడు, విమానం అంచు దాటి సముద్రంలో పడింది, మనిషి పోయాడు. వెనక కూడా డెక్ వేశారు. మధ్య కట్టడం చుట్టూ గాలి సుడులు తిరిగి అదీ పనికిరాలేదు. మరుసటి ఏడు ఆర్గస్ అనే ఓడకు అడ్డమే లేని డెక్ పెట్టారు. డిజైన్ మారడమంటే అది: ఒకడు చచ్చిపోయాడు కనుక గీత జరుగుతుంది. మన బొమ్మలూ మారతాయి, ఎన్నికల ఫలితాలొచ్చాక.

కట్టిన ఓడ మనకూ ఒకటుంది, అది మరిచిపోతే పాపం. కొత్త విక్రాంత్ ఆలోచన 1980 దశకం చివరిది. ఫ్రెంచివాళ్లతో మొదటి గీతలు గీయించారు, 1991 నాటి డబ్బు కటకటలో చిన్నదైంది, మళ్లీ పెరిగింది. రష్యా నుంచి ఉక్కు రాకపోతే, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు ఉక్కు సంస్థ సెయిల్‌తో కలిసి యుద్ధనౌకలకు తగిన ఉక్కు తయారుచేశారు. 2009లో అడుగు దూలం, 2022 సెప్టెంబరు 2న కొలువు. 262 మీటర్లు, సుమారు 20,000 కోట్లు. ఆ ఉక్కు వంటకం పుట్టింది తెలుగు నేల మీదేనని ఏ ఫ్లెక్సీ మీదైనా చూశారా? చూడరు. అయిపోయిన పనికి ఫ్లెక్సీ ఎందుకు? దాని తర్వాతిదని పేరు పెట్టుకున్న విశాల్ సంగతి వేరు. 65,000 టన్నులన్నారు, అణుశక్తన్నారు, విమానాన్ని విద్యుత్తుతో విసురుతామన్నారు, 2015లో నాలుగు విదేశీ కంపెనీలకు ఉత్తరాలు రాశారు. ఆ తర్వాత జలాంతర్గాములు ముఖ్యమన్నారు, ఆ తర్వాత విక్రాంత్ లాంటిదే ఇంకొకటి చాలన్నారు. విశాల్ ఏటేటా సన్నబడుతోంది.

సరే, మా ఊరి ఓడకు ఏ నమూనా బాగుంటుంది? బాగా ఆలోచించి హబక్కుక్‌ను ఎంచుకున్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో జెఫ్రీ పైక్ అనే బ్రిటిష్ మేధావి, మంచుతో విమాన వాహక నౌక కట్టమన్నాడు. నీళ్లలో పద్నాలుగు శాతం దాకా కర్ర గుజ్జు కలిపి గడ్డ కట్టిస్తే కాంక్రీటులా గట్టిపడుతుంది, కరగడానికి చాలాకాలం పడుతుంది. దాని పేరు పైక్రీట్. పొడవు 2,000 అడుగులు, అంటే మన బ్యారేజీలో సగం. చర్చిల్ మురిసిపోయాడు. కెనడాలో పట్రీషియా సరస్సు మీద 1943లో 60 అడుగుల నమూనా కట్టారు. క్యూబెక్ సమావేశంలో మౌంట్‌బాటెన్ పైక్రీట్ దిమ్మ మీద పిస్తోలు పేల్చి చూపిస్తే, గుండు తిరిగొచ్చి అమెరికన్ అడ్మిరల్ కింగ్ ప్యాంటును రాసుకుంటూ పోయిందని చెబుతారు. చివరకు లెక్క చూస్తే, చల్లగా ఉంచే యంత్రాలకూ గొట్టాలకూ అయ్యే ఇనుముతో మామూలు ఓడే కట్టొచ్చని తేలింది. మానేశారు.

మా బెజవాడ ఎండకు మంచు ఓడా అని అడక్కండి. అదే దాని అందం. కర్ర పొట్టు కొండపల్లిలో దొరుకుతుంది, కరెంటు థర్మల్ కేంద్రం గోడ పక్కనే ఉంది. సంక్రాంతికి ప్రారంభిస్తే రోహిణి కార్తెకల్లా బిల్లులు మాత్రం మిగులుతాయి. ఓడ ఏదని అడిగితే కృష్ణలోకి చూపించొచ్చు, అబద్ధం కూడా కాదు.

మాకు ఇంత అనుభవం ఎక్కడిదంటారా? 2019 జనవరిలో ఇదే పవిత్ర సంగమం దగ్గర ఐకానిక్ వంతెనకు శంకుస్థాపన జరిగింది. ఇబ్రహీంపట్నం నుంచి అవతల అమరావతికి, 3.2 కిలోమీటర్లు, 1,387 కోట్లు. ఆ ఏడే ప్రభుత్వం మారింది, వంతెన శిల దగ్గరే ఆగింది. వచ్చినవాళ్లు దాన్ని కట్టలేదు. 2025లో మళ్లీ నాలుగు డిజైన్లు పెట్టి జనాన్ని ఓట్లు వేయమన్నారు. కూచిపూడి భంగిమ గెలిచింది. ఆరేళ్లు గడిచి మళ్లీ బొమ్మ దగ్గరికొచ్చాం. ఈలోగా గొల్లపూడి దగ్గర పడమటి బైపాస్‌కు మరో వంతెన లేచింది. అది ఏ భంగిమా పట్టలేదు, దానికి ఎవరూ ఓటేయలేదు. వట్టి స్తంభాలు, పైన రోడ్డు. ఐకానిక్ కాకపోవడం వల్లే బతికి బట్టకట్టిందని మా అనుమానం.

2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాయి. పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుక పడవలు గేట్లకు గుద్దుకుని కౌంటర్‌వెయిట్లు విరగ్గొట్టాయి. క్రేన్లొచ్చాయి, డైవర్లొచ్చారు, ఇది కుట్రా కాదా అన్న చర్చ వారాల తరబడి నడిచింది. పడవలు మాత్రం అంతకాలమూ అక్కడే. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో కౌంటర్‌వెయిట్లు మాత్రం రోజుల్లో మారాయి. నమూనాల ప్రదర్శన లేదు, ఓటింగు లేదు. ఆయనకు పద్ధతి తెలియదు పాపం.

ఇక వ్యంగ్యం నప్పని మాట ఒకటుంది. 2017 నవంబరు 12, కార్తిక ఆదివారం. పవిత్ర సంగమంలో హారతి చూద్దామని పడవెక్కినవాళ్లు, ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు, ఫెర్రీ దగ్గర రేవు కనుచూపులో ఉండగా బోల్తాపడ్డారు. ఇరవై మందికి పైగా పోయారు. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. పడవకు ఎంతమంది పడతారో లెక్కపెట్టడానికి, మెడకో జాకెట్ తగిలించడానికి ఏ దేశపు కన్సల్టెంటూ అక్కర్లేదు. ఆ డిజైన్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే దానికి వీడియో రాలేదు.

కనుక అయ్యా, మా దరఖాస్తు ఇది. ఐఎన్‌ఎస్ ఇబ్రహీంపట్నం బొమ్మను వెంటనే మంజూరు చేయగలరు. ఎన్ని డిజైన్లయినా పెట్టండి, ఓట్లేస్తాం. ఓటేయడం మాకు చేతకాని పని కాదు. ప్రతి డిజైన్ కింద మాత్రం ఒక గడి గీయించండి: ఇది కట్టకపోతే రాజీనామా చేసేవారి పేరు, హోదా, సంతకం. మేహ్యూ, లూస్ ఇద్దరూ బ్రిటన్‌వాళ్లు కాబట్టి ఇక్కడ చెల్లరు. శిలాఫలకం కొత్తది చెక్కించి ఖర్చు పెట్టొద్దు. పేరు చోట సుద్దముక్కతో రాసుకునేలా నల్లపలక ఒకటి పాతండి, అయిదేళ్లకోసారి మేమే తుడుస్తాం. ముహూర్తం మీ ఇష్టం. అతిథులను మాత్రం రింగ్ సెంటర్ మీదుగా కార్లలోనే రేవుకు తీసుకురండి. పడవ ఎక్కించొద్దు.